ముందుగా అసలు విషయం

"పేర్లు సదవకుంట అడుగుడేంది? సభ అనుకున్నవా, సంత అనుకున్నవా?" అంటూ మల్లప్ప, గండయ్య చేతిలోని కాగితం లాక్కున్నాడు.

మల్లప్ప చేనేత సంఘానికి అధ్యక్షుడు. గండయ్య అదే సంఘంలో నేతగాడు. నార్కట్‌పల్లి దగ్గరున్న వాళ్ల కాలనీలో ఆ రోజు చేనేత దినోత్సవ సభ. కాసేపట్లో ఎమ్మెల్యే వస్తాడు. సంఘం తరఫున ఒక్కరికే మైకు, అదీ ఐదు నిమిషాలు. ఈసారి ఆ మైకు గండయ్యకు దక్కింది.

అడగాల్సింది ఒక్కటే, కాల్వ. వాన పడితే రోడ్డు మీది నీళ్లన్నీ కాలనీలోకే వస్తాయి. నేతగాళ్లు కాళ్లు పెట్టుకుని తొక్కే మగ్గం గుంతల్లోకి దిగుతాయి. ఆ పొద్దున కూడా గండయ్య భార్య ఆండాళు గుంతలోంచి బకెట్‌తో నీళ్లు తోడిపోసి వచ్చింది. మగ్గం మీద సగం నేసిన పట్టుచీర ఉంది. ఇంకో గట్టి వాన పడితే అది ఎందుకూ పనికిరాదు.

"సంత గాదు పెద్దబాపూ," అంది గండయ్య కూతురు మానస. ఆ కాగితం రాసింది ఆమే. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో, కొత్తగా చేరినవాళ్లకు నలుగురి ముందు ఎలా మాట్లాడాలో నేర్పే ఉద్యోగం ఆమెది. "మొదలు అసలు విషయం. దానెంక కారణం. పేర్లు ఆఖరుకు. ఉపన్యాసమంటే గిట్లుండాలె. పోయినేడు నువ్వు పేర్లతోనే షురూ జేసినవ్ గద, ఏమైంది?"

పోయినేడు ఏమైందో కాలనీ అంతటికీ తెలుసు. ఎమ్మెల్యేతో మొదలుపెట్టి టెంటు వేసిన చెన్నయ్య దాకా ఒక్కొక్కరినీ గౌరవనీయులను చేసి, "ఇక అసలు విషయానికి వస్తే" అని గొంతు సవరించుకునేలోపే యాంకర్ వచ్చి, సమయాభావం అంటూ మైకు పట్టుకుపోయాడు. సభా మర్యాద అంటే మనవాళ్లకు అంత ప్రాణం మరి. ఇల్లు మునిగినా సరే, వేదిక మీది పేరు ఒక్కటి తప్పిపోకూడదు.

"పేర్లు ఎగ్గొడితే అలుగుతరు గద బిడ్డా," అన్నాడు గండయ్య.

"ఎగ్గొడ్తలేం బాపూ, ఎనుకకు జరుపుతున్నం. మైకు గుంజుకున్నా అప్పటికే మన పనైపోతది."

"సభ అయినంక సార్‌ను పక్కకు పిలిచి అడుగుదాం తియ్యి."

"పక్కకు పిలిస్తే చూద్దాం అంటడు. మైకుల అన్నదే పేపర్ల వస్తది, గదే లెక్క."

"నలుగుర్ల నిలవడాలంటే నాకు భయమైతదే."

"నువ్వు నా దిక్కే చూడు. ముందల్నే కూసుంట."

"పిల్ల చెప్పినట్టు చెయ్యి," అంది ఆండాళు కోపంగా. "ఇంకో ఏడు నీళ్లు తోడుడు నాతోని గాదు."

మల్లప్ప కాగితం తిరిగి ఇచ్చేశాడు. "మీ ఇష్టం. నా పేరు మటుకు ఎమ్మెల్యే సార్ పేరు పక్కనే ఉండాలె."

సభ మొదలైంది. గండయ్య మైకు పట్టుకున్నాడు. పెద్దలంతా అతని వీపు వెనుక కుర్చీల్లో ఉన్నారు. అతను కూతురి ముఖం తప్ప ఇంకేమీ చూడలేదు.

"అందరికి నమస్కారం. మా కాలనీకి ఒక కాల్వ గావాలె సార్. వానొస్తే నీళ్లన్ని మగ్గం గుంతలకే వస్తున్నయ్. పొద్దుగాల గూడ నా భార్య నీళ్లు తోడిపోసి గీడికి వచ్చింది. కాళ్లు నీళ్లల్ల పెట్టుకొని చీర ఎట్ల నెయ్యాలె సార్? ఒక్క కాల్వ తవ్విస్తే మా బతుకులు నిలవడతయ్."

గొంతు ఎక్కడా తడబడలేదు. మానస కళ్లు చెమ్మగిల్లాయి. తన తండ్రి ఇంత చక్కగా మాట్లాడగలడని ఆమెకు ఇన్నేళ్లూ తెలియదు.

ఆ తర్వాత పేర్లు. ఎమ్మెల్యే పేరు రాగానే చప్పట్లు మోగాయి. మల్లప్ప పేరు వచ్చినప్పుడు మల్లప్పే మొదలుపెట్టాడు. చెన్నయ్య ఏకంగా లేచి నాలుగు దిక్కులా దండాలు పెట్టాడు. ఒక్క పేరూ పోలేదు. యాంకర్ రాకముందే గండయ్య నమస్కారం పెట్టి దిగిపోయాడు.

"కాల్వ వచ్చినట్టే బాపూ," అని మానస అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఎమ్మెల్యే నవ్వుతూ మైకు దగ్గరికి వచ్చాడు.

"నిజం జెప్తున్న. మైకు వట్టినోళ్లు మొదలు పేర్లే సదువుతరు గద అని నేను గంతసేపు ఫోన్ మాట్లాడుకుంట కూసుంట. ఇయ్యాల గూడ గట్లనే కూసున్న. నా పేరు ఇనవడంగనే ఫోన్ బంద్ చేసిన. ఇగ పేర్లయినంక ఏం అడుగుతడో అని చెవులు రిక్కించుకొని కూసున్న. గీ పెద్దమనిషి ఏమీ అడగలే! అందర్ని తలుసుకొని, దండం బెట్టి దిగిండు!"

మానస దిగ్గున లేచి, "సార్..." అంది.

మల్లప్ప గబగబా వేదిక దిగి వచ్చి ఆమె చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. "పెద్దలు మాట్లాడంగ నడుమ లేస్తరా బిడ్డా? మర్యాద గాదు."

"ఏ కొరతా లేని ఊరును ఇయ్యాలనే జూసిన," అంటూ ఎమ్మెల్యే జనానికి చేతులు జోడించాడు. "మీ సంతోషం జూసి చెప్తున్న, ఈ ఏడు నా చేతుల ఉన్న ఒక్క కాల్వ పనిని పక్కూరికి ఇస్తున్న. గట్టిగ చప్పట్లు కొట్టుండ్రి!"