చేతి చుట్టుకొలత

పుషప్స్ చేస్తే చేతుల్లోని కొవ్వు కరిగిపోతుందన్న మాటను ఆ వేసవిలో జగ్గయ్యపేట మెయిన్ బజారు వెనక వీధిలో నమ్మనివారు లేరు. నమ్మకుండా ఎలా ఉంటారు? సాక్ష్యాన్ని అహల్య ఒంటిమీద వేసుకుని మరీ తిరుగుతోంది.

"ఇటు చూడు తాయారూ!" అంటూ ఆమె కొత్త జాకెట్టు చేతిలోకి రెండు వేళ్లు దూర్చి చూపించింది. "ఇది నా కొలతకే కుట్టావా, ఇంకెవరిదైనా నాకిచ్చావా?"

"మీ కొలతలు నాకు నోటికొచ్చు అహల్యక్కా. చెయ్యి పదమూడు. పదమూడే పెట్టా."

"అయితే మళ్లీ కొలువు."

తాయారు కిటికీ దగ్గరకు వెళ్లింది. పెనుగంచిప్రోలు తిరునాళ్లలో కొన్న ప్లాస్టిక్ టేపు అక్కడ మేకుకు వేలాడుతోంది. దాని కింది కొసకు పెద్ద కత్తెర కట్టి ఉంది. అలా కట్టకపోతే ఆ కత్తెర బస్తాలు కోయడానికి భర్త ఎరువుల దుకాణంలోకి వెళ్లిపోతుంది. పడమటి ఎండకు చెయ్యి పెట్టలేనంతగా కాలుతున్న కత్తెరను విప్పి పక్కన పెట్టి, ఆమె వేడికి మెత్తబడ్డ టేపును అహల్య చేతికి చుట్టింది.

"పన్నెండుంబావు!"

"చూశావా?" తాను బడిపంతులమ్మనన్న సంగతి మరిచి అహల్య చప్పట్లు కొట్టింది. "ఉగాది నుంచి రోజూ మోకాళ్లు ఆనించి తీస్తున్నా. మా ఆయన ఒకటే నవ్వు. ఇప్పుడు నవ్వమను! ఈసారి జాకెట్టు పన్నెండుంబావుకే కుట్టు. అవునూ, మీ ఆయన కూడా చేస్తున్నారుగా, ఆయనకెంత తగ్గింది?"

లోపలి గదిలో తాయారు భర్త సాయిప్రసాద్ ఆ మాట విని తలుపు దగ్గరగా వేశాడు.

అతను చేతులు తగ్గించుకోవడానికి మొదలుపెట్టలేదు. నిలబెట్టుకోవడానికి మొదలుపెట్టాడు. అతని తండ్రికి నలభై రెండేళ్లప్పుడు మొదట చేతులు సన్నబడ్డాయి. తరువాత నడక పోయింది, చివరికి మింగడం కూడా పోయింది. ఈ ఏడు సాయిప్రసాద్‌కు నలభై రెండు నిండాయి. ఉగాదినాడు తాయారు చేత కొలిపించుకుంటే అతని చెయ్యి సరిగ్గా పన్నెండంగుళాలు. పుషప్స్ తీస్తే కండ నిలుస్తుందని ఎవరో చెప్పగా ఆ మర్నాడే మొదలుపెట్టాడు. కానీ కొలిచిన ప్రతిసారీ ఆ చెయ్యి కాస్త కాస్త తగ్గుతూనే వచ్చింది.

అహల్య వెళ్లాక తాయారు తలుపు తోసింది.

"అందరికీ తగ్గుతున్నాయండీ. మీకూ కొవ్వే కరుగుతోందేమో."

"నా చేతికి కొవ్వెక్కడుంది తాయారూ, కరగడానికి?"

"ఎదురింటి రాఘవమ్మగారైతే ఏ పుషప్సూ చెయ్యలేదు. ఆవిడ జాకెట్టూ వదులైంది. ఎండలకు చిక్కిపోయానంటోంది."

"ఎండలకు చిక్కితే వానలకు తేరుకుంటారు. నాన్న తేరుకున్నాడా?"

"నందిగామ డాక్టరుగారు ఏమీ లేదన్నారుగా?"

"చేత్తో పట్టుకు చూసి చెప్పాడు. టేపు పెట్టాడా?"

"నిన్న లారీ మీంచి యూరియా బస్తాలు మీరొక్కరే దించారంటగా, మీ తమ్ముడు భవాని చెప్పాడు."

"నాన్న కూడా మొదట్లో దించాడు."

సాయంత్రం తమ్ముడు భవానీప్రసాద్ నవ్వుతూ వచ్చాడు. "ఏంటన్నయ్యా, బజారంతా నీ గురించే! ఎరువుల కొట్టు మూసేసి కసరత్తుల తాలింఖానా పెడుతున్నావంట?"

"రేపు నాతో నందిగామ రా. ప్లీడరుగారిని కలుద్దాం. కొట్టు నీ పేర పెట్టిస్తా."

తమ్ముడి ముఖంలో నవ్వు పోయింది. "నువ్వుండగా నాకెందుకన్నయ్యా?"

"సంతకం పెట్టగలిగినప్పుడే పెట్టాలిరా. నాన్న పెన్ను పట్టుకోలేకపోవడం నువ్వు చూళ్లేదా?"

భవానీప్రసాద్ చూశాడు. తండ్రి వేళ్ల మధ్య పెన్ను ఇరికించి పట్టుకున్నది అతనే. గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"తాయారూ, వీడి ముందర ఇంకొక్కసారి కొలువు," అన్నాడు సాయిప్రసాద్, చొక్కా విప్పుతూ.

ఆమె కత్తెర విప్పి టేపు తెచ్చింది. అతని చేతికి చుట్టి, కొంచెం వదులుగా పట్టుకుంది. అలా పట్టుకుంటే అంకె పెరుగుతుంది. అతను గమనించాడు.

"బిగించు."

బిగించింది.

"ఎంత?"

"పదకొండుంబావు," అంది.

సాయిప్రసాద్ తల ఆడించాడు. కొత్త సంగతేమీ వినలేదన్నట్టు నెమ్మదిగా చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. "ఆరింటి బస్సుకే పోదాం. మధ్యాహ్నం ఎండలో తిరగలేం," అని తమ్ముడి భుజం తట్టి దుకాణంలోకి వెళ్లిపోయాడు. భవానీప్రసాద్ వదిన వంక చూడకుండా మెట్లు దిగాడు.

తాయారు బల్ల ముందు కూర్చుంది. ఏదో ఒకటి చేయకపోతే గట్టిగా ఏడ్చేస్తానని ఆమెకు తెలుసు. అహల్య ఇచ్చిన గుడ్డ పరిచింది. దాని మీద టేపు చాపి, చేతి కొలత కోసం సుద్దతో రెండు చుక్కలు పెట్టింది. కళ్లలో నీళ్లు నిండి గీత వంకరపోయింది. చెరిపి, తిన్నగా గీయడానికి సొరుగులోంచి స్టీలు స్కేలు తీసింది. దాని అంచును టేపు మొదలుకు సరిగ్గా ఆనించి, సుద్ద తీసుకుంది.

సుద్ద చేతిలోనే ఉండిపోయింది. కళ్లు తుడుచుకుని, రెండూ మళ్లీ సరిచేసి చూసింది.

పన్నెండంగుళాల స్కేలు టేపు మీద పదకొండుంబావు దగ్గరే అయిపోయింది.