గుండు చేయించుకున్న హెవీ మెటల్

"ఆర్గన్ వాయించేవాడుండే బ్యాండు హెవీ మెటల్ ఎట్లయితాదన్నా?" అంటున్న రామచంద్ర, అంగడి మెట్లెక్కి వస్తున్న ధనంజయను చూసి మాట మింగేశాడు.

ధనంజయ తల నున్నగా ఉంది. మద్రాసుకు పోయిన రోజు బస్సు కిటికీలోంచి జెండాలా ఎగిరిన జుట్టు. భుజాలు దాటిన జుట్టు. ఒక్క వెంట్రుక మిగల్లేదు.

ఆ అంగడిలో కేసెట్లు రికార్డు చేసి అమ్మే దేవరాజులు మాత్రం లేచి చేతులు జోడించాడు. "గోవిందా. ఇన్నాళ్లకు మంచి బుద్ధి పుట్టిందప్పా నీకు" అన్నాడు.

తిరుపతిలో గుండును చూసి ఎందుకని అడిగేవాళ్లుండరు. దండం పెట్టి దారి ఇస్తారు, అంతే. ఆ ఊళ్లో సంజాయిషీ చెప్పుకోవాల్సింది జుట్టు పెంచినవాడే. ధనంజయ, రామచంద్ర కాలేజీ వదిలినప్పటి నుంచీ అది చెప్పుకుంటూనే ఉన్నారు. డిగ్రీ ఇద్దరికీ తప్పింది. ఉద్యోగం దొరికే దారి లేదు. ఉన్నదల్లా ఎక్కడో ఇంగ్లండులో గిటార్లను అరిపించేవాళ్ల కేసెట్లు, వాటి మీద వాదన. ఏది హెవీ మెటల్, ఏది ఉత్త హార్డ్ రాక్? కొత్తగా అమెరికా నుంచి దిగిన థ్రాష్ వేరే జాతా, మెటలే పరుగెత్తితే థ్రాషా? సాయంత్రం మొదలుపెడితే దేవరాజులు తలుపులు మూసేదాకా తెగేది కాదు. ఆ పాటలు ఇంకెవరికి వినిపించినా రోట్లో రాళ్లు దంచినట్టుందనేవాళ్లు. ధనంజయ ఒక్కడు లేకపోతే రామచంద్రకు ఆ ఊళ్లో మాట్లాడుకునే మనిషే లేడు.

ధనంజయ తండ్రి ఏకాంబరానిది గాంధీ రోడ్డులో బట్టల అంగడి. శనివారం తప్పకుండా కొండెక్కే మనిషి. కొడుకు జుట్టు స్వామికిస్తానని మొక్కుకున్నాడు. కొడుకు ఒప్పుకోలేదు. "ఏడుకొండలాయనకు నా వెంట్రుకలే తక్కువైనాయా నాయనా?" అని అడిగేవాడు. నిజానికి ఆ ప్రశ్నకు ఎవరి దగ్గర మాత్రం జవాబుంది? ఇచ్చేవాడికి అవసరమేమో గాని, పుచ్చుకునేవాడికి కాదేమో. ఏమైనా, కత్తికి తల వంచేది లేదని స్నేహితులిద్దరూ ఒట్టేసుకున్నారు.

"కేసెట్లు యాడరా?" అన్నాడు రామచంద్ర. మద్రాసులో మేనత్త ఇంటికి పోతున్నానని, వచ్చేటప్పుడు కొత్తవి తెస్తానని చెప్పిపోయాడు ధనంజయ.

"తేలేదు. బజారుకు పోయేదానికి కుదర్లేదు."

బల్ల మీద కూర్చుని కాస్త ఊపిరి తీసుకుని, ధనంజయ నేరుగా వాదనలోకి దిగాడు. డీప్ పర్పుల్ బ్యాండు ఆర్గన్ మామూలు ఆర్గన్ కాదన్నాడు. గిటారు కంటే మొరటుగా పలుకుతుందన్నాడు, కాబట్టి వాళ్లు మెటలే అన్నాడు.

"కాదని చెప్పరా" అని ధనంజయ మోకాలితో పొడిచాడు.

"గుండోడితో నాకేం వాదన?"

"జుట్టుతో వింటామా, చెవుల్తో వింటామా?"

"జుట్టు కాదురా. లొంగినావు. మీ నాయన గెలిచినాడు."

"గెలిచినాడనే అనుకో. ఐరన్ మెయిడెన్ ఉత్త థ్రాష్ అంటాను. ఇప్పుడన్నా తిట్టు."

అదెంత అన్యాయమైన మాటంటే, కోపంలో ఉండి కూడా రామచంద్ర ఊరుకోలేకపోయాడు. ఆ బ్యాండు పాటలో కథ ఎట్లా నడుస్తుందో, రెండు గిటార్లు జంట ఎడ్లలాగా ఎట్లా పోతాయో చెప్పి, దాన్ని థ్రాష్ అన్న నోరు కడుక్కోమన్నాడు. అంతటితో ఆగలేదు.

"జుట్టుతో పాటు బుర్ర కూడా గొరిగించుకున్నట్టుండావు. ఇంక నువ్వు హెవీ మెటలూ కాదు, హార్డ్ రాకూ కాదు. భజన గుంపు. పోయి తాళాలు కొట్టుకో పో."

భజన కేసెట్లతోనే పొట్ట పోసుకునే దేవరాజులు నొచ్చుకున్నాడు. ధనంజయ మాత్రం నవ్వాడు. నవ్వుతూనే గోడ పట్టుకుని మెట్లు దిగాడు.

మళ్లీ రాలేదు.

మొదట్లో రామచంద్ర పట్టించుకోలేదు. తప్పు చేసినవాడే రావాలనుకున్నాడు. దేవరాజులుతో వాదిద్దామంటే, ఆయన దేనికైనా అవునప్పా అనేవాడు. ఎదురు చెప్పేవాడు లేని మాట గొంతులోనే పాచిపోతుంది. మెల్లగా కేసెట్లు వినడం కూడా తగ్గింది. విని ఎవరితో చెప్పుకోవాలి? కార్తీకం దాటాక ఒక సాయంత్రం పౌరుషం చంపుకుని గాంధీ రోడ్డుకు నడిచాడు.

ఏకాంబరం పొద్దుండగానే అంగడి మూస్తున్నాడు. పక్కన గుడ్డసంచి, ఫ్లాస్కు ఉన్నాయి. మనిషి బాగా చిక్కిపోయాడు.

"ధనంజయ యాడ మామా?"

"మద్రాసులోనే ఉండాడప్పా. వాళ్లమ్మా ఆడే ఉండాది. నేనిప్పుడు బస్సుకు పోతా ఉండాను."

రామచంద్ర తటపటాయించాడు. "నా మీద కోపంగా ఉండాడా?"

"కోపమా? ఆ పొద్దు నువ్వు తిట్టినావని ఇంటికొచ్చి చెప్పి చెప్పి నవ్వినాడు. రామచంద్ర ఏం మారలేదు నాయనా అన్నాడు. ఆ రేయి ఒక ముద్ద ఎక్కువే తిన్నాడు."

రామచంద్ర గుండె తేలికపడింది. అన్నాళ్లుగా నోట్లో నానుతున్న మాట బయటపెట్టాడు.

"గుండుతోనైనా రమ్మనండి మామా, వాదిస్తాను. జుట్టుదేముంది, మళ్లీ పెరుగుతాది. ఈసారి మాత్రం మీరు కొండకు పిల్చుకపోయి తీయించొద్దండి."

ఏకాంబరం తాళంచెవి నడుముకు దోపుకుని, రామచంద్ర భుజాల మీద పడిన జుట్టు వైపు చాలాసేపు చూశాడు.

"మేం తీయించలేదప్పా, మద్రాసు ఆస్పత్రి మందులకు రాలిపోయింది."