బోల్టు వదులైన గుడ్లగూబ

పక్షిప్రేమికుల సంఘం కార్యదర్శి మూడంతస్తులు ఎక్కి వచ్చింది గుడ్లగూబను చూడటానికి కాదు, కొత్తజంట తిక్క కుదర్చడానికి.

వాళ్లు సంఘంలో చేరి నెల కాలేదు. బాల్కనీలో వేలాడుతున్న గింజల సీసాను చూసి ఆయన మూతి ముడిచాడు. నీళ్లసీసాకు కంత పెట్టి గింజలు పోసిన ప్రతివాడూ ఈ రోజుల్లో పక్షుల పండితుడే. నాలుగు పిచ్చుకలు వాలితే చాలు, ఆలూమగలు ఒకరినొకరు గిల్లుకుని మురిసిపోతారు.

పైగా ఈ ఏటి పక్షుల లెక్కింపు పుస్తకంలో ఏం రాశారు? కొమ్ముల గుడ్లగూబ అట. ఇరవై రెండేళ్లుగా చెట్టూ పుట్టా గాలించినా ఆయన కంటబడనిది అదొక్కటే. అది కనిపిస్తే ఆయన జాబితా నిండుతుంది. అలాంటిది, ఈ పిల్లకాకుల వంటింటి ఎదురుగా వచ్చి వాలిందట.

లెక్కింపు ఇవాళ మధ్యాహ్నం పన్నెండింటికి ముగుస్తుంది. ఇంకా పావుగంట ఉంది.

“అదిగోనండీ,” అంది కొత్త పెళ్లికూతురు, ఎదురుగా గ్రంథాలయం డాబా మీది నీళ్లట్యాంకును చూపిస్తూ.

ఆయన మెడలోని బైనాక్యులర్స్‌ను ముట్టుకోనైనా ముట్టుకోలేదు.

“అది ప్లాస్టిక్‌ది అమ్మాయీ. పావురాలు బెదరాలని పోయినేడు నిచ్చెనెక్కి నా చేతులతో నేనే బిగించాను.”

“ఇందాక తల అటుంది బాబాయ్‌గారూ,” భర్త నసిగాడు. “ఇప్పుడు ఇటు తిరిగింది.”

“మెడ దగ్గర బోల్టు వదులైతే గాలికి తిరగదా మరి?”

“ఒక కన్ను మూసుకుందండీ.”

“ఎండకు రంగు పోయింది. ఇంకా ఏమైనా ఉన్నాయా, గుడ్లు కూడా పెట్టిందంటారా?”

“కింద ట్యాంకంతా రెట్టలు...”

“పావురాలవి.”

“పావురాలు రాకూడదనే కదండీ దాన్ని పెట్టింది?” ఆ పిల్ల అమాయకంగానే అడిగింది.

ఆయనకు ఒళ్లు మండింది. పుస్తకం లాక్కుని వాళ్లు రాసిన వరుస అడ్డంగా కొట్టేశాడు. పక్కన ‘స్వయంగా చూశాను. పక్షి కాదు’ అని రాసి సంతకం పెట్టాడు. కార్యదర్శి సంతకం పడ్డాక మార్చే హక్కు ఎవరికీ లేదు, ఆయనకు కూడా. ఆ నియమం ఆయన పెట్టిందే.

పన్నెండయింది.

“కాకిపిల్ల కాకికి ముద్దు. మీ బొమ్మను మీరే ముద్దు చేసుకోండి,” అని మెట్లు దిగిపోయాడు. వెనక నుంచి కిసుక్కుమన్న నవ్వు వినబడింది. సిగ్గులేని జంట.

రోడ్డు దాటి, గ్రంథాలయం గేటు దగ్గర వాచ్‌మన్‌ను కేకేశాడు.

“ఏమయ్యా, ట్యాంకు మీద గుడ్లగూబ మెడ ఊగుతోంది. స్పానర్ తీసుకెళ్లి కాస్త బిగించు. ఊళ్లో వెర్రివాళ్లు ఎక్కువైపోయారు.”

వాచ్‌మన్ బుర్ర గోక్కున్నాడు.

“మీరు బిగించిన బొమ్మ నెత్తినే పావురాలు గూడు పెడుతున్నాయని, పోయిన వారమే దాన్ని ఊడబీకి మెట్లకింద పడేశాం కదండీ.”