రాణి మెళ్ళో బిళ్ల

"ఎవుర్నడిగి తోమీసినావే?"

తవిటయ్య కేకకి పక్క క్వార్టర్లో రేడియో ఆగింది.

పీట మీద లక్ష్మీదేవి పటం. దాని ముందు పళ్ళెంలో, అతను ప్రాణంగా దాచుకున్న పాతకాలం నాణేలు పదకొండూ తళతళ మెరుస్తున్నాయి. పొద్దున పూజసామాను తోముతూ, అదే చింతపండుతో దాలమ్మ వాటి పని కూడా పట్టింది.

"మార్గశిర లచ్చివారం కదా మావా. అమ్మోరి ముందు డబ్బులెట్టాల. నల్లగా మసిబొగ్గుల్లాగున్నాయని తోమినాను. తప్పేటి?"

"డబ్బులేటే అవి? రెండువేల ఏళ్ళ నాటివి! ఆ సిలుమే వాటి వయసు. అది కాస్తా గీకీసినాక ఇంకేటి మిగిలింది, నీ మొకం?"

చిలుము పట్టిన వస్తువుకి విలువెక్కువని దాలమ్మకి పుట్టింట్లో ఎవరూ చెప్పలేదు. పొద్దుటి నుంచి ఉపవాసం. తిట్లు కూడా తినడం ఇష్టంలేక మూలకి పోయి కూర్చుంది.

తవిటయ్య ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. జీతం ఫిట్టరుది, సరదా జమీందారుది. పది నాణేలూ టీలు మానేసి, బీడీలు మానేసి కొన్నవి. పదకొండోదానికి మాత్రం మానడానికి ఇంకేమీ మిగల్లేదు. గోల్‌బజార్లో పాత ఇత్తడి సామాన్ల కొట్టు చిన్నారావు దాన్ని దూదిలో చుట్టి చూపించాడు. ఒక పక్క ఏనుగు. రెండో పక్క దట్టంగా పచ్చటి చిలుము. పై అంచున చిన్న కన్నం.

"కళింగ రాణి మెళ్ళో కట్టుకున్నదయ్యా. కన్నం అందుకే" అన్నాడు చిన్నారావు.

ఏ రాణి అని తవిటయ్య అడగలేదు. ఎప్పుడు ఆ కొట్టుకెళ్ళినా చిల్లరే కాదు, జేబులో ఉన్నదంతా బల్ల మీద కుమ్మరించి బేరమాడటం అతని అలవాటు. ఆ రోజు జేబు ఖాళీ. బయట నిలబెట్టిన సైకిలు ఇచ్చేసి, నాణెం పట్టుకుని నడిచొచ్చాడు. రెండు నెలలుగా వర్క్‌షాపుకి నడుస్తూనే ఉన్నాడు.

ఈ సాయంత్రం, పాతనాణేల సంగతి తెలిసిన పాండురంగయ్య మాస్టారు ఆ నాణేలు చూడ్డానికి వస్తున్నారు. తెలుగు సంఘం లైబ్రరీలో కొత్తగా అద్దాల బీరువా పెడుతున్నారు. మాస్టారికి నచ్చిన నాణెం అందులోకెళ్తుంది, దాని కింద ఇచ్చినవాడి పేరు అచ్చులో ఉంటుంది. పెళ్ళి శుభలేఖ మీద తప్ప తవిటయ్య పేరు ఎక్కడా అచ్చు కాలేదు. అందులోనూ తప్పు పడింది.

"నీ సేతిలో ఏ వస్తువు నిలిసిందే?" అతనికి ఇంకా కోపం తీరలేదు. "నిరుడు నా హాజరు టోకెను పారీసినావు. గేటుకాడ అందరి ముందూ నన్ను దొంగలాగ నిలబెట్టినారు. ఫైను కట్టించుకుని గానీ కొత్తది ఇవ్వలేదు. ఇప్పుడు ఇదొకటి."

"టోకెను నేను పారీలేదు మావా."

"మరి రెక్కలొచ్చి ఎగిరిపోనాదా?"

దాలమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది. నిరుడు చెప్పిచెప్పి అలిసిపోయింది.

ఆరింటికి మాస్టారు వచ్చారు. గొడుగు గోడకి ఆనించి, జేబులోంచి భూతద్దం తీసి, పళ్ళెం ముందుకి లాక్కున్నారు.

"అయ్యయ్యో! తోమేశారా?"

తవిటయ్య పెళ్ళాం వైపు చూశాడు. ఆమె నేల వైపు చూసింది.

మాస్టారు పదీ తిప్పితిప్పి చూశారు. "అసలువే తవిటయ్యా. కానీ గీతలు పడిపోయాయి. బీరువాకి పనికిరావు. పాపం!"

"ఇది సూడండి మాస్టారూ. దీనికే నేను సైకిలిచ్చినాను." తవిటయ్య పదకొండోది రెండు చేతులతో అందించాడు.

మాస్టారు దాన్ని దీపం దగ్గర పట్టుకున్నారు. "రాగి తోమితే ఎర్రగా రావాలి కదా. ఇది పసుపుపచ్చగా ఉందేమిటి?"

"రాణిగారిది కదండీ" అన్నాడు తవిటయ్య.

మాస్టారు నవ్వు ఆపుకుని రెండో పక్కకి తిప్పారు. భూతద్దం దగ్గరగా పెట్టారు, దూరంగా పెట్టారు. తరవాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇది ఇత్తడి నాయనా. ఏనుగుని ఈ మధ్యనే అచ్చు కొట్టారు. ఈ పక్క సుత్తితో చదును చేసి, పైన చిలుము పట్టించారు. చిలుము పోయేసరికి అడుగున ఉన్నది బయటపడింది. నాలుగు ఇంగ్లీషు అంకెలు! మీ కళింగ రాణికి ఇంగ్లీషు ఎవరు నేర్పారంటావ్?"

తవిటయ్య మంచం మీద కూలబడ్డాడు. సైకిలు పోయింది, అచ్చులో పేరు పోయింది. చిన్నారావు మొహం కళ్ళముందు మెదిలింది.

"ఓసారి ఇలగివ్వండి మాస్టారూ" అంటూ దాలమ్మ లేచి వచ్చింది.

ఆమెకి చదువు రాదు. ఆ బిళ్లని దీపం దగ్గర పట్టుకుని చాలాసేపు చూసింది. తరవాత తలుపు దగ్గరకి వెళ్ళి, మేకుకి వేలాడుతున్న మొగుడి హాజరు టోకెను తీసుకొచ్చింది. అతని నంబరు కొట్టి, రోజూ పొద్దున్నే ఆమె అతని చేతిలో పెట్టే ఇత్తడి బిళ్ల అది. రెండింటినీ పళ్ళెంలో పక్కపక్కన పెట్టింది. అదే సైజు. అదే చోట కన్నం. అవే నాలుగు అంకెలు, అదే వరసలో.

"రాణిది కాదు మావా, నీదే" అంది దాలమ్మ. "నిరుడు నేను పారీసినానన్నావే, ఆ టోకెనే ఇది."