పలక మీద చప్పుళ్ళు

“రాసింది రాసినట్టే చదివా మాస్టారూ. చుక్క దిగలా,” అంది శాంతమ్మ.

ఆమె గేదె పొదుగు దగ్గర గొంతుకూర్చుని ఉంది. మోకాళ్ళ మధ్య ఖాళీ చెంబు. పక్కన నాపరాయికి ఆనించిన పలక. దాని మీద నెహెమ్యా మాస్టారి గుండ్రని అక్షరాలు: ‘బ్రుర్ర్... మ్మా... ట్చ్ ట్చ్... హొయ్యొ.’

మాస్టారు వసారాలోంచి దిగి వచ్చి పలక చేతిలోకి తీసుకున్నారు.

“నువ్వు పాఠంలా చదివావు శాంతమ్మా. మీ దేవమ్మక్క ఇలా అనేది కాదు.”

“మూడో తరగతి దాకా మీ బళ్ళో చదివినదాన్ని. ఇంకెట్టా చదువుతా? అక్షరం మింగితే గోడకుర్చీ వేయించింది మీరేగా.”

పలుపుతాడు భుజాన వేసుకుని దడి దగ్గర నిలబడ్డ పశువుల బేరగాడు కోటయ్య నవ్వాడు. “ఏంది మాస్టారూ, గేదెకి గూడా ఓనమాలు దిద్దిస్తన్నారా?”

మాస్టారు నవ్వలేదు. భార్య దేవమ్మ పోయినప్పటి నుంచీ గేదె పాలు బిగబట్టింది. దూడ లేని గేదె అది. పితికేటప్పుడు వసారాలోని ఆయనతో ఏదో ఒకటి చెబుతుండే దేవమ్మ గొంతు వింటూ పాలు దింపేది. ఇప్పుడు పొదుగు గట్టిపడుతోంది, చెయ్యి వేస్తే తన్నుతోంది. ఈ సాయంత్రం కూడా పాలివ్వకపోతే కోటయ్య మాచర్ల సంతకు తోలుకుపోవాలని మాట. దేవమ్మ తన చేత్తో కుడితి పెట్టి పెంచినది, ఆయన కాక ఆ ఇంట్లో ఊపిరి పీలుస్తున్నది, ఇక అదొక్కటే.

“సంతలో దీన్ని ఎవరు కొంటారు కోటయ్యా?”

“పాలియ్యని గొడ్డుని కొనేవాళ్ళు ఒక రకమే ఉంటారు మాస్టారూ. ఆ సంగతి నన్ను అడగమాకండి.”

మాస్టారు పలక తుడిచారు. యాభై ఆరు అక్షరాలూ ఊళ్ళో సగం మందికి నేర్పిన చెయ్యి ఆయనది. దేవమ్మ చప్పుళ్ళన్నీ ఆయన చెవిలోనే ఉన్నాయి. గేదె తల విదిలిస్తే పెదాలు కలిపి బుర్రుమనిపించేది. తోక విసిరితే నాలుక అంగిటికి తగిలించి చిన్నగా మందలించేది. వేడి గిన్నె తగిలితే పళ్ళ సందున ఊపిరి లాగేది. కొత్తగా కడుతున్న డ్యాముకు రాళ్ళు మోసే లారీ దుమ్ము రేపుకుంటూ పోతే ‘అబ్బ’ అనబోయి సగంలోనే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది. ఆ సగం ‘అబ్బ’ను ఎలా రాయాలి?

బలపం కదిలింది. ర వత్తు ఇస్తే బండి తోలినట్టుంది. తీసేస్తే నిట్టూర్చినట్టుంది. సున్నా పెట్టి చెరిపారు. అరసున్నా పెట్టి చూశారు. అక్షరం కుదిరింది గానీ దేవమ్మ కుదరలేదు.

“మీరే ఒకసారి అనగూడదా?” అంది శాంతమ్మ.

మాస్టారు పెదాలు కలిపారు. పలకే ఆమె చేతికిచ్చారు.

శాంతమ్మ ఈసారి తల ఊపుతూ, రాగం తీస్తూ చదివింది. గేదె కాలు విసిరింది. చెంబు దొర్లుకుంటూ పోయి కుడితి తొట్టికి తగిలింది.

“బూతులు తిట్టాననుకున్నట్టుంది,” అంది శాంతమ్మ, చెంబు తెచ్చుకుంటూ.

“ఇంక చాల్లే అమ్మా. పొద్దుగూకతంది,” అన్నాడు కోటయ్య. “చానా దూరం తోలాల. ఇప్పుకెళ్తా.” కట్టుకొయ్య దగ్గర వంగి ముడి పట్టుకున్నాడు.

మాస్టారు వసారాలోకి వెళ్ళి ఎప్పుడూ కూర్చునే కుర్చీలో కూర్చున్నారు.

శాంతమ్మ మాత్రం లేవలేదు. ఇన్నాళ్ళూ చావు జరిగిన ఇల్లని, నోరు విప్పకుండా వచ్చి పొదుగు తడిమి నోరు విప్పకుండానే పోయేది. ఇంక రేపటి నుంచి రావాల్సిన పనే లేదు. పొదుగు నిమురుతూ మనసులో ఉన్నది చెప్పుకొచ్చింది.

“మా ఆయన డ్యాము పనికి పోతానంటన్నాడు మాస్టారూ. నన్నూ పిల్లల్నీ గూడా రమ్మంటన్నాడు. అక్కడ రోజూ కొండలు పేలుస్తారంట. మా అత్తేమో చచ్చినా కదలనంటంది. ఆ రేకుల పాకల్లో నా పిల్లలకి బడి యాడిది?”

మాస్టారు ముడి విప్పుతున్న కోటయ్య చేతుల మీంచి చూపు తిప్పుకుని, “ఊఁ,” అన్నారు.

గేదె నెమరు ఆపింది. చెవులు నిక్కించి వసారా వైపు తల తిప్పింది.

“బడి లేకపోతే పెద్దోడు...” శాంతమ్మ మాట అక్కడే తెగింది. ఆమె వేళ్ళ మధ్యనుంచి సన్నటి ధార చెంబు అడుగున జుయ్యిమంది.

కోటయ్య ముడి వదిలి నిలబడ్డాడు. “ఏమన్నావమ్మా దాంతో?”

“నేనేమన్నా? పిల్లల బడి గురించి చెప్పుకుంటన్నా.”

“అయితే అదే చెప్పు.”

శాంతమ్మ మొదటి నుంచి మళ్ళీ చెప్పింది. డ్యాము, కొండలు, అత్త, రేకుల పాకలు. ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పింది. ధార సన్నబడి, బొట్టుబొట్టుగా మారి ఆగిపోయింది. గేదె మాత్రం వసారా వైపే చూస్తోంది.

శాంతమ్మ కూడా అటు చూసింది.

“దీనికి కావాల్సింది అక్క గొంతు కాదు మాస్టారూ,” అంది మెల్లగా. “నేను ఏదో ఒకటి చెప్తా ఉంటా. చెంబు నిండేదాకా మీరు ఊఁ కొట్టండి.”