పద్నాలుగో మనిషి

ఎన్నిసార్లు లెక్కపెట్టినా పదమూడు మందే తేలారు.

"మీ వదిన ఏది?" అన్నాడు అన్నయ్య, చెల్లెలి వైపు చూసి.

చెల్లెలినే అడగాలి మరి. ముప్ఫై ఏళ్ళు బడి నడిపి దిగిపోయిన హెడ్మిస్ట్రెస్. అన్నయ్య పిల్లలు ఆమెను టైంటేబుల్ అత్త అంటారు. ఓడ ఎక్కిన దగ్గర్నుంచి పద్నాలుగు మందికీ ఫలహారం ఎప్పుడు, ఈతకొలను ఎప్పుడు, రేవులో దిగితే తిరిగి ఎక్కడం ఎప్పుడు అని చెప్పే పని ఆమెదే.

టైంటేబుల్ అత్త ఒడ్డు వైపు చూసింది. కాళ్ళ కింద ఇంజన్ల అదురు మొదలైంది. ఒడ్డుకూ ఓడకూ మధ్య నీళ్ళు వెడల్పవుతున్నాయి.

వదిన ఒడ్డునే ఉండిపోయింది.

తప్పెవరిదో టైంటేబుల్ అత్తకొక్కదానికే తెలుసు. ఆ ఉదయం ఫలహారం దగ్గర వదిన ఒక చేత్తో మనవడి నోట్లో ముద్ద పెడుతూ, ఇంకో చేత్తో అన్నయ్య మాత్రలు విప్పుతూ, అవతలి బల్ల నుంచి కోడలు టోపీ ఎక్కడుందని అడిగితే జవాబు చెబుతూ, మధ్యలో ఈమె వైపు తిరిగింది.

"నీకేమమ్మా, ఒక్కదానివి."

అందరి ముందూ అంది. పెళ్ళి లేదు, పిల్లలు లేరని వేలెత్తి చూపినట్టు ఆ మాట చురుక్కున తగిలింది.

అరగంట తర్వాత ఓడ దిగేటప్పుడు వదిన ఏమీ జరగనట్టే వచ్చింది. మోకాళ్ళ నొప్పులతో బస్సెక్కి ఊరంతా తిరగలేనని, రేవు పక్క వీధిలో కాసేపు నడిచొస్తానని, ఎన్నింటికల్లా రావాలో చెప్పమని అడిగింది.

"అయిదింటికి" అంది టైంటేబుల్ అత్త. ఆపైన పెదవి విప్పలేదు.

ఆ ఊరి గడియారాలు ఓడ గడియారం కన్నా గంట వెనక నడుస్తాయి. ఓడలో అయిదంటే ఊళ్ళో నాలుగే. ఈ సంగతి మిగతా అందరికీ రెండేసిసార్లు అప్పజెప్పిన మనిషి, వదిన దగ్గర మాత్రం మింగేసింది. ఆయాసపడుతూ పరుగెత్తుకొస్తుంది, నలుగురిలో నాలుగు మాటలు పడుతుంది, చాలు అనుకుంది. మనిషి తక్కువైతే ఓడ ఆగుతుందనుకుంది. ఓడ ఆగలేదు.

ఓడ అధికారి ఒకాయన అన్నయ్య గదికి వచ్చి లాకరు తెరిపించాడు. అందరివీ అందులోనే దాచిన పాస్‌పోర్టులు పదమూడే ఉన్నాయి. వెంట తీసుకెళ్ళింది, అదొక్కటీ మన అదృష్టం అన్నాడు అన్నయ్య. రేవులో తమ ఏజెంటు ఆవిణ్ణి హోటల్లో దించుతాడని, విమానంలో పంపి ఎల్లుండి వచ్చే రేవులో ఓడ ఎక్కిస్తాడని అధికారి ధైర్యం చెప్పాడు. ఆవిడ కనిపించిందనీ, క్షేమమేననీ గంట తిరక్కుండానే కబురు వచ్చింది.

మర్నాడంతా సముద్రమే. వదిన లేకపోయేసరికి ఎవరి వస్తువు ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. మనవడు స్వెటరు లేక తుమ్మాడు. అన్నయ్య పొద్దుటి మాత్ర మధ్యాహ్నం, మధ్యాహ్నపు మాత్ర అసలే లేదు.

"అత్తయ్యకు టైమెప్పుడు పట్టింది గనక" అని కోడలు విసుక్కుంది. చిన్న కొడుకు ఇంకో రెండు మాటలు కలిపాడు. తేలు కుట్టిన దొంగలా టైంటేబుల్ అత్త పళ్ళెంలోకి చూస్తూ కూర్చుంది.

అన్నయ్య మాత్రం ఎవర్నీ ఏమీ అనలేదు.

"పెళ్ళయిన కాడి నుంచి అది ఒక్క రోజు ఒంటరిగా ఉండెరగదు. ఆ ఊరి భాష కూడా రాదు. తిన్నదో లేదో" అన్నాడు కిటికీ వైపు చూస్తూ.

టైంటేబుల్ అత్త పళ్ళెం పక్కకు జరిపింది. అమ్మను ఆఖరిసారి చూసినప్పుడూ ఇంతే. పొడిగా ఒక్క మాట చెప్పి తను బస్సెక్కేసింది. మళ్ళీ చూసేనాటికి అమ్మ లేదు. వదినకు ఏమైనా అయితే తన నోటి చివరి మాట ఆ 'అయిదింటికి' అన్నదే. అన్నయ్యతో నిజం చెబితే ఈ జన్మలో తన గడప తొక్కడు. ఉన్నది ఒక్క అన్నయ్యే. అయినా సరే, ముందు వదినతో చెప్పేయాలి, ఆ తర్వాత ఆవిడ ఎలా చేస్తే అలా అని గుండె రాయి చేసుకుంది.

మూడో రోజు వదిన ఓడ ఎక్కింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఎంత ఏడ్చిందో అనుకుంది టైంటేబుల్ అత్త. ఎక్కీ ఎక్కకముందే అందరూ చుట్టుముట్టి స్వెటరు, మాత్రలు, దువ్వెన అని మొదలుపెట్టారు. వదిన ఒక్కొక్కరికీ చెప్పి పంపింది. ఆ సందడి సద్దుమణిగాక ఈమె ఆవిణ్ణి చెయ్యి పట్టి ఓడ అంచు కమ్మీల దగ్గరికి తీసుకెళ్ళింది.

"వదినా, నేను కావాలనే చేశాను. ఊళ్ళో గడియారం వేరని నీకు చెప్పలేదు. నీ మీద కోపంతో. అన్నయ్యతో చెప్పేస్తాను, నువ్వు మాత్రం..."

వదిన నీళ్ళవైపు తిరిగింది.

"ఆయనతో ఏమీ చెప్పకు."

"అందరూ నిన్నే అంటున్నారు వదినా."

"అననీ."

"అంత మాట ఎందుకు పడాలి నువ్వు? తప్పు నాది."

వదిన వెనక్కి తిరిగి, ఎవరూ దగ్గరలో లేరని చూసుకుని, ఆమె చెవి దగ్గరికి వంగింది.

"ఓడ కదలడం నేను రేవు ఎదుటి కాఫీ కొట్లో తీరిగ్గా కూర్చుని చూశానమ్మా."