గాలిపరుపు మీద పరీక్ష

"ఇక్కడే, ఇప్పుడే, నా కళ్ళముందు నిద్రపోవాలి. పోతేనే మిమ్మల్ని కొండకు పంపేది" అంది భార్య.

డ్రైవింగు మాస్టారు షాపు మధ్యలో నిలబడి చుట్టూ చూశాడు. గుడారాలు, తాళ్ళు, బూట్లు, వీపుసంచులు. వాటి మధ్య నలుగురు కొనేవాళ్ళు. కొనడం మానేసి తననే చూస్తున్నారు.

"పట్టపగలు షాపులో నిద్రేమిటే? జనం నవ్వుతారు."

"నవ్వనీండి. ఇంట్లో దూదిపరుపు మీద పడుకునే రాత్రంతా నడుము నడుమని నన్ను చంపుతారు. అక్కడ మంచు మీద గుడారంలో పడుకుని ఎవర్ని చంపుతారు?"

నడకసంఘం వాళ్ళు మంచుకొండకు వెళ్తున్నారు. బస్సులో ఒక్క సీటు మిగిలింది. మధ్యాహ్నంలోగా పేరు ఇవ్వకపోతే అదీ పోతుంది. బతుకంతా ఇతరుల పక్క సీట్లో కూర్చుని, వాళ్ళు గుంతల్లో దింపుతుంటే బ్రేకు తొక్కిన మనిషికి ఆ ఒక్క సీటు కావాలి. కానీ భార్య సరే అనకపోతే ఆ ఇంట్లో టీ కూడా మరగదు.

సేల్స్‌మన్ మొదటి గాలిపరుపు ఊది నేలమీద పరిచాడు.

"తేలిక సార్. మడిస్తే నీళ్ళసీసా అంతే."

మాస్టారు పడుకుని పక్కకు తిరిగాడు. బిస్కెట్ల పొట్లం నలిపినట్టు కరకరమంది.

"లోపల వెండిరంగు పొర ఉంది సార్. ఒంటి వేడిని మళ్ళీ ఒంటికే పంపుతుంది. చప్పుడు దానిదే."

"ఈయన రాత్రికి వందసార్లు దొర్లుతారు. పక్క గుడారంవాళ్ళు లేచొచ్చి కొడతారు. తీసెయ్యి బాబూ" అంది భార్య.

రెండోది చప్పుడు చేయలేదు.

"ఇందులో ఏముంది?"

"గాలి మేడమ్."

"ఒట్టి గాలేనా?"

"ఒట్టి గాలే."

"కింద మంచు, మధ్యలో గాలి, పైన ఈయన. తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతారు. మోసుకొచ్చేదెవరు?"

మూడోది ఇరుకు. వెల్లకిలా పడుకుంటే మోచేతులు రెండూ నేలమీదికి జారాయి. నాలుగోది వెడల్పుగా ఉంది. జానెడు మందం, లోపల చలి ఆపే దూది, దొర్లిపోకుండా అంచులు కొంచెం ఎత్తు. భార్య దాన్ని అరచేత్తో నొక్కింది. చెంప ఆనించి చూసింది. బిరడా తిప్పి చూసింది.

"గాలి రాత్రంతా నిలుస్తుందా?"

"నిలుస్తుంది మేడమ్."

"పక్కకు తిరిగి పడుకుంటే తుంటి నేలకు తగలదు కదా?"

"తగలదు మేడమ్."

"చిరిగితే?"

"అతికించే బిళ్ళలు సంచిలోనే ఉంటాయి మేడమ్."

కోడిగుడ్డుకు ఈకలు పీకే మనిషి, ఇంకెంతసేపు పీకుతుందోనని మాస్టారు పళ్ళు నూరుకున్నాడు. చివరికి ఆమె లేచి, "పడుకోండి" అంది.

పడుకున్నాడు. పరుపు నిజంగానే బాగుంది. నడుము ఎక్కడుందో మరిచిపోయాడు. నిద్ర మాత్రం రాలేదు. నెత్తిమీద దీపం, చుట్టూ గుసగుసలు.

"పట్టిందంటావా?"

"ఎక్కడ? కాలివేళ్ళు ఆడుతున్నాయి చూడు."

మాస్టారు కాలివేళ్ళు ఆపేశాడు.

"ఇప్పుడు కనుగుడ్లు తిరుగుతున్నాయి."

వాటినీ ఆపాడు. గోడగడియారం టిక్కుటిక్కుమంటోంది. బస్సులో సీటు కళ్ళముందు మెదిలింది. ఇక లాభం లేదనుకుని నోరు కొంచెం తెరిచాడు. తన గురక తానెప్పుడూ వినలేదు. ఎలా ఉంటుందో తెలియక, చలిలో మొరాయించే పాతకారులా ఒకటి లాగి వదిలాడు.

"పట్టేసింది మేడమ్! బిల్లు వేసెయ్యనా?"

"ఆగు. నేను వార్డులో నర్సుగా చేసినదాన్ని. సూది అనగానే గురకపెట్టే మగాళ్ళను ఎంతమందిని చూశానో. దొంగనిద్ర తేల్చడం నిమిషం పని."

"ఎలా మేడమ్?"

"చెయ్యి ఎత్తి ముఖం మీదికి వదిలెయ్యాలి. దొంగనిద్ర అయితే పక్కకు పడుతుంది. తన ముక్కు తనకు తీపి కదా. నిజం నిద్ర అయితే ముక్కు మీదే పడుతుంది."

మాస్టారి చెయ్యి గాల్లోకి లేచింది. ముక్కు మీద ప్రేమ ఉంది. కొండ మీద అంతకంటే ఎక్కువ ఉంది. భార్య వదిలేసింది. ఉంగరం వేలు తిన్నగా వచ్చి ముక్కుదూలం మీద ఠంగున తగిలింది. రెప్పల వెనక నక్షత్రాలు రాలాయి. ఆయన కదలలేదు. మూలగలేదు. ఇంకో గురక కూడా పెట్టాడు.

చూస్తున్నవాళ్ళు చప్పట్లు కొట్టబోతే సేల్స్‌మన్ "ష్, లేస్తారు" అన్నాడు.

"నిజం నిద్రే" అంది భార్య, ఆసుపత్రిలో డాక్టరుకు చెప్పినంత తేటగా. "ఈ పరుపు కట్టెయ్యి బాబూ. ఈయన కింద ఉన్నది కాదు, కొత్తది ఇవ్వు."

తర్వాత ఫోను నొక్కిన చప్పుడు.

"కార్యదర్శిగారా? ఆ ఒక్క సీటూ మాకే ఉంచండి... ఆ, దొరికిందండీ. బ్రహ్మాండమైన పరుపు. ఎంత మంచులోనైనా ఢోకా లేదట."

మాస్టారి గుండె అప్పుడే బస్సెక్కేసింది. నవ్వు రాకుండా దవడలు బిగించాడు. ఇప్పుడు కళ్ళు తెరిస్తే పడ్డ దెబ్బంతా వృథా.

"ఆయనా? ఆయనకెందుకండీ అంత దూరం? ఇక్కడే హాయిగా పడుకున్నారు... పేరా? రాసుకోండి, నాదే."